బస్ స్టాప్ కజిన్స్, వాళ్ళ ఒకే ఒక్క ఆల్బమ్, నా ఒకే ఒక్క శ్రోత

ఆ రోజుల్లో నాకు ఆదివారం అంటే భయం. మిగతా రోజుల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగేవాళ్ళు. ప్రొఫెసర్ అసైన్‌మెంట్ అడిగేవాడు, లైబ్రరీలో ఐడీ కార్డు అడిగేవాళ్ళు, బస్సు డ్రైవరు ఎలా ఉన్నావని అడిగి నేను చెప్పేలోపే బస్సు కదిలించేవాడు. ఆదివారం ఆపాటి పలకరింపు కూడా ఉండేది కాదు. ఒహాయోలో ఆ చిన్న యూనివర్సిటీ ఊళ్ళో ఆదివారం బస్సులు తిరగవు, లైబ్రరీ మధ్యాహ్నం దాకా తెరవరు. నేను ఎమ్మెస్ చదవడానికి వెళ్ళిన ఏడాది, అంటే రెండు వేల మూడులో, మా డిపార్ట్‌మెంటులో తెలుగమ్మాయిని నేనొక్కదాన్నే. రూమ్మేటు తైవాన్ నుంచి వచ్చిన కెమిస్ట్రీ పీహెచ్‌డీ అమ్మాయి, ల్యాబులోనే కాపురం ఉండేది. మేమిద్దరం ఫ్రిజ్ మీద అంటించిన పసుపు చీటీలతో మాట్లాడుకునేవాళ్ళం. పాలు అయిపోయాయని నేను రాస్తే, తెచ్చానని మర్నాడు తను రాసి, పక్కన ఒక నవ్వు మొహం గీసేది. (ఆ వారానికి నన్ను చూసి నవ్విన మొహం అదొక్కటే అయిన సందర్భాలున్నాయి.)

బాపట్లలో మా ఇంట్లో ఆదివారం అంటే ఒక చిన్న జాతర. అమ్మ చర్చి క్వయర్‌లో పాడేది. మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె కోసం, బాత్‌రూమ్ కోసం, అద్దం కోసం జరిగే యుద్ధాలన్నీ ఆదివారం పొద్దున్నే జరిగేవి. ఇక్కడ తెలుగు ఆరాధన జరిగే చోటు కారులో రెండు గంటల దూరం, నాకు కారు లేదు. ఆ సంగతి అమ్మకి చెప్పే ధైర్యమూ లేదు. ఫోన్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేస్తే మొదటి మాట "గుడికెళ్ళావా అమ్మాయ్?" అనే. (మా ఇంట్లో చర్చిని గుడి అనే అంటాం.) "పొద్దున్నే వెళ్ళానమ్మా" అనేదాన్ని. ఎక్కడికి వెళ్ళానో చెప్పేదాన్ని కాదు. మొదట్లో అది వాషింగ్ మెషీన్ల గదికి, తర్వాత రేడియో స్టేషన్‌కి.

రేడియో సంగతి ఇలా జరిగింది. స్టూడెంట్ యూనియన్ గోడ మీద "మీ ఊరితో మాట్లాడండి, అనుభవం అక్కర్లేదు" అని ఒక కాగితం కనిపించింది. మాట్లాడడం అన్న మాట చూసి లోపలికి వెళ్ళిపోయాను. అక్కడ స్టేషన్ చూసుకునే కుర్రాడికి నడుం దాకా పిలక ఉండేది, అందుకని నేను మనసులో పిలక అనే పిలుచుకునేదాన్ని. "ఖాళీగా ఉన్నది ఒక్కటే స్లాట్. ఆదివారం పొద్దున ఏడింటికి. నైంటీస్ హిప్ హాప్ అవర్" అన్నాడు. నాకు హిప్ హాప్ తెలియదన్నాను. "ఆ టైంలో తెలిసినవాడు ఎవడూ లేవడు" అన్నాడు. రేడియోలో ఒక పేరుండాలని, ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగాడు. చిట్టి అన్నాను. వాడికి అది ఎలా వినిపించిందో గానీ, బోర్డు మీద "డీజే సిటీ" అని రాశాడు. ఊరితో మాట్లాడబోతున్నాను కదా, బాగానే ఉందిలే అని ఊరుకున్నాను.

నేలమాళిగలో ఒక గది, ఒక మైకు, అద్దం అవతల మరో ఖాళీ గది. మనుషులతో మాట్లాడాలని వచ్చినదాన్ని గోడతో మాట్లాడే పనిలో కుదురుకున్నాను. పిలక ఒకే ఒక్క నియమం గట్టిగా చెప్పాడు. పాటలో ఒక్క బూతు గాల్లోకి పోయినా స్టేషన్‌కి ముప్పు, కాబట్టి బూతులు తీసేసిన సీడీలే వెయ్యాలి. అలమరలో వెతికితే, మొదటి నుంచి చివరి దాకా అన్ని పాటలకీ ఆ భరోసా స్టిక్కర్ ఉన్న ఆల్బమ్ ఒక్కటే దొరికింది. బస్ స్టాప్ కజిన్స్ అనే గ్రూపుది, పేరు 'ట్రాన్స్‌ఫర్ స్లిప్'. తొంభైల నడుమ ఈ ఊరి కుర్రాళ్ళే ముగ్గురు, వరసకి అన్నదమ్ములు, కలిసి చేసిన మొదటి ఆల్బమ్, చివరిది కూడా అదే. దాన్ని విడుదల చేసిన కంపెనీ ఆ వెంటనే మూతపడిందని అట్ట మీద ఎవరో పెన్నుతో రాసి పెట్టారు. నేను ప్రతి ఆదివారం ఆ ఒక్క ఆల్బమే వేశాను. ఒకవారం మొదటి నుంచి చివరికి, మరోవారం చివరి నుంచి మొదటికి. ఎవరూ అడగలేదు.

నాకా పాటలు మెల్లగా నచ్చసాగాయి. ముగ్గురు కజిన్లు ఒకే చలికోటు వంతులవారీగా వేసుకోవడం గురించి ఒక పాట, రాని బస్సు గురించి ఇంకోటి. ఆదివారం బస్సు లేక నడిచి వచ్చిన నాకు ఆ పాట ప్రత్యేకంగా అర్థమయ్యేది. ఒక్కటే వింతగా ఉండేది. మధ్యమధ్యలో గొంతు చటుక్కున ఆగి, కొంచెం ఖాళీ తర్వాత మళ్ళీ మొదలయ్యేది. హిప్ అన్నచోట పాట, హాప్ అన్నచోట ఖాళీ కాబోలు అనుకున్నాను. ఒకవారం మైకులో ఆ సంగతి మెచ్చుకున్నాను కూడా. "ఈ నిశ్శబ్దాల్లోనే వీళ్ళ ప్రతిభ అంతా ఉంది" అన్నాను. (అవి బూతులు కత్తిరించిన చోట్లని తర్వాత తెలిసింది.)

ఆ మాట అన్న వారమే ఫోన్ వెలిగింది. స్టూడియోలో ఫోన్ మోగదు, లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. స్టేషన్‌కి నిప్పు అంటుకుందేమోనని భయపడి, తర్వాత ఎత్తాను.

"డీజే సిటీయేనా?" అంది ఒక పెద్దావిడ గొంతు. ఆగి ఆగి, ప్రతి మాటా పూర్తిగా పలుకుతోంది.

"అవునండీ."

"నువ్వు మా అబ్బాయి పేరు తప్పు పలుకుతున్నావు బేబీ. బిస్కెట్టు అంటున్నావు."

ఆ ముగ్గురిలో మెత్తటి గొంతు అతని పేరు అట్ట మీద అలాగే ఉంది మరి. బాపట్లలో మేమంతా దాన్ని బిస్కెట్టు అనే అంటాం, టీలో ముంచుకుని తింటాం. అదే చెప్పాను.

"బిస్కిట్" అంది ఆవిడ. "అంత సాగదీయకూడదు. చిన్నప్పుడు నేను కాల్చే బిస్కిట్ రొట్టెల్ని పొయ్యిలోంచి తియ్యకముందే తినేసేవాడు, అందుకని నేను పెట్టిన పేరు అది. ఏదీ, అను."

అన్నాను. మళ్ళీ అనమంది. ఈలోగా పాట అయిపోయి, ఊరంతా (అంటే ఎవరూ) కాసేపు నిశ్శబ్దం వింది.

మరుసటి ఆదివారం మళ్ళీ ఫోన్ చేసింది. ఆపై ఆదివారం కూడా. నేను పాట వేసి ఫోన్ ఎత్తేదాన్ని, పాట ఎంతసేపుంటే అంతసేపు మాటలు. పొడుగు పాటకి పొడుగు సంగతులు దాచుకునేవాళ్ళం. అలవాటు కొద్దీ ఆంటీ అని పిలిచాను. "నేను నీకు ఆంటీని ఎలా అవుతాను?" అని నవ్వింది గానీ, వద్దనలేదు. ఒకసారి మరిచిపోయి మేడమ్ అంటే, "ఆంటీ ఏమైంది?" అని అడిగింది. నాకు మాత్రం లోపల ఆవిడ బిస్కిట్ వాళ్ళమ్మే. ఒక్కతే ఉంటుందని, రైలు పట్టాల అవతల ఇల్లని, ఒక్కడే కొడుకని, ఇప్పుడు టెక్సాస్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో పెద్ద ఉద్యోగమని, అక్కడ చర్చిలో సంఘపెద్ద అని కొంచెం కొంచెంగా తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం అతను తల్లికి ఫోన్ చేస్తాడు. "బీపీ ఎంతుందని అడుగుతాడు. చెప్తాను. ప్రార్థన చేస్తాడు. పెట్టేస్తాడు" అంది. నేనూ ఇంటికి అలాగే ఫోన్ చేస్తానని చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, మంచు కాలవలు కడుతున్న రోజు, ఆవిడ కాస్త తటపటాయించి అడిగింది. "నాకా ఆల్బమ్ కాపీ ఒకటి చేసిపెడతావా బేబీ? నువ్వు వేసేది కాదు, దుకాణంలో అమ్మింది, మొత్తం. పోయినసారి వచ్చినప్పుడు మావాడు ఇంట్లో ఉన్న కాపీలన్నీ పట్టుకెళ్ళిపోయాడు. ఇవి నువ్వు వినదగ్గవి కావు మామ్ అన్నాడు."

క్యాంపస్ పక్కనున్న పాత సీడీల కొట్టులో, చెక్కపెట్టె అడుగున 'ట్రాన్స్‌ఫర్ స్లిప్' దొరికింది. ఇంటికి తెచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. విని, హెడ్‌ఫోన్స్ తీసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేను ఇన్నాళ్ళూ మెచ్చుకున్న నిశ్శబ్దాలన్నీ నిండిపోయి ఉన్నాయి. దేనితో నిండాయో ఇక్కడ రాయలేను. కోటు గురించిన పాటలో ఆ కోటుని ఏమని పిలిచారో వింటే కోటు కూడా సిగ్గుపడుతుంది. ఒక చర్చి పెద్దని కన్న తల్లికి, అంత నెమ్మదిగా మాట్లాడే మనిషికి ఇది ఎలా ఇస్తాను? కొడుకు పట్టుకెళ్ళిపోయింది ఇందుకే కదా అనుకున్నాను. రేడియో కాపీ ఆవిడ వద్దంది కదా, మొత్తం ఆల్బమ్‌నే నా చేత్తో కడిగి, శుభ్రం చేసి ఇద్దామని నిశ్చయించాను.

చిక్కేమిటంటే, బూతు కడగాలంటే ఏది బూతో తెలియాలి. నేను కాన్వెంటులో చదివిన పిల్లని. మధ్యాహ్నాలు స్టేషన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని, అనుమానం వచ్చిన మాటల్ని ఒక కాగితం మీద రాసుకుని, పిలక కనిపించినప్పుడల్లా అడిగేదాన్ని.

"ఇది బూతేనా?"

"బూతే."

"ఇది?"

"కాదు. అదొక కారు పేరు."

"మరి ఇది?"

"అది వాళ్ళ వీధి. మనం రోజూ దాటే వీధి. కత్తిరించావా?"

అప్పటికే కత్తిరించాను. వాళ్ళ వీధి పేరు ఆల్బమ్‌లో ఎక్కడ వచ్చినా తుడిచిపెట్టేశాను. పిలక నా కాగితం తీసుకుని చూసి, "నాలుగేళ్ళుగా ఈ స్టేషన్‌లో ఉన్నాను. ఈ మాటలన్నీ ఇంత గుండ్రటి చేతిరాతతో ఎప్పుడూ చూడలేదు" అన్నాడు.

మూడో పాటకీ నాలుగో పాటకీ మధ్య, రేడియో కాపీలో లేని ఒక ముక్క ఉంది. పాట కాదు, ఫోన్ ఎవరూ ఎత్తకపోతే మాటలు రికార్డు చేసుకునే ఆన్సరింగ్ మెషీన్‌లో ఒకామె పెట్టిన మెసేజ్. ఎవరినో అరిచి తిడుతోంది. దాన్ని కడగడం మొదలుపెట్టాను గానీ, కడిగే కొద్దీ మాయమైపోయింది. చివరికి 'పొయ్యి' అని ఒకటి, 'నువ్వు' అని రెండు మిగిలాయి. ఆఖర్న ఎవరో కుర్రాడు పగలబడి నవ్వుతున్నాడు, తిట్టే లేకపోయాక ఆ నవ్వు దేనికి? మొత్తం ముక్క ఎత్తి పారేసి, సీడీ మీద స్కెచ్ పెన్నుతో చిన్న పువ్వు కూడా వేశాను.

తర్వాతి ఆదివారం ఆవిడ భోజనానికి రమ్మంది. షో అయ్యాక లైబ్రరీ తెరిచేదాకా స్టేషన్ మెట్ల మీద కాలక్షేపం చేసి, మధ్యాహ్నానికి పట్టాలు దాటి వెళ్ళాను. నేను ఊహించుకున్న బొద్దు ముసలావిడ కాదు. నాకంటే జానెడు పొడుగు, నిటారుగా ఉంది, మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడుతోంది. నన్ను పైనుంచి కిందికి చూసి, "డీజే సిటీ అంటే ఇంకా పెద్ద ఊరనుకున్నాను" అంది. అలసందలు, ఏదో ఆకుకూర, కోడి పెట్టింది. ఆ అలసందలు తింటుంటే నాకు ఇంటి మీద బెంగ పుట్టి, అది కనబడకుండా ఉండడానికి మూడుసార్లు వడ్డించుకున్నాను. భోజనమయ్యాక టేబుల్ తుడిచి, ప్లేయర్ తెచ్చి పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాయబోయే పిల్లలా కూర్చుంది.

మొదటి పాట విన్నాం. రెండోది విన్నాం. మధ్యమధ్య ఖాళీలు వచ్చినప్పుడు ఆవిడ కనుబొమ్మ కొంచెం లేచేది. మూడో పాట అయిపోగానే ముందుకు వంగింది. నాలుగో పాట మొదలైంది. ఆవిడ ప్లేయర్ ఆపేసింది.

"నేనెక్కడ?" అంది.

నాకర్థం కాలేదు.

"మూడుకీ నాలుగుకీ మధ్య. అక్కడుండేది నేనే."

బిస్కిట్‌కి పందొమ్మిదేళ్ళప్పుడు, పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయి రికార్డింగ్‌కి పోయాడట. వంటగది గోడ నల్లబడింది. ఆవిడ రికార్డింగ్ జరుగుతున్న కజిన్ ఇంటికి ఫోన్ చేసి, మెషీన్‌లోకి తనకు తెలిసిన తిట్లన్నీ తిట్టింది. బిస్కిట్ ఆ టేపు తీసుకెళ్ళి తల్లికి చెప్పకుండా ఆల్బమ్‌లో పెట్టేశాడు. "ఆ చివర్న నవ్వేది వాడే" అంది. "నా తిట్లు మొదటిసారి విని నవ్విన నవ్వది. ఇప్పుడు వాడు అలా నవ్వడు. ఆ మనిషివి నువ్వు కాదు మామ్ అంటాడు. నేను కాకపోతే ఇంకెవరు? గోడకి రంగు వేసుకున్నది నేనే కదా."

నా చెవులు కాలిపోతున్నాయి. "ఆంటీ, మీరు బాధపడతారని నేనే తీసేశాను" అన్నాను. "మాటలు... బాగాలేవని."

ఆవిడ నా వైపు చాలాసేపు చూసింది. కోపమో, బాధో తెలియలేదు. ఆ చూపు ముందు నాకు బాపట్ల వెళ్ళిపోవాలనిపించింది.

"నేను ఏం పనిచేసేదాన్నో చెప్పానా నీకు?" అంది చివరికి. "ఈ కౌంటీ కోర్టులో టైపిస్టుని. జనం ఒకళ్ళనొకళ్ళు అన్న ప్రతి మాటా, స్పెల్లింగ్ తప్పు లేకుండా టైప్ చేసి పెట్టాను. మా అబ్బాయికి బూతులు కొత్త, నాకు కాదు." లేచి కోటు వేసుకుంది. "కడగనిది ఎక్కడుంది?"

"మా రూమ్‌లో, సూట్‌కేసులో."

"పద."

పడవంత పొడుగున్న ఆవిడ కారులో మా అపార్ట్‌మెంటుకి వెళ్ళాం. ల్యాబులో ఏదో మెషీన్ చెడిపోవడంతో ఆ రోజు మా రూమ్మేటు ఇంట్లోనే ఉంది. తలుపు తెరిచి, నన్నూ ఆవిడనీ చూసి కంగారుగా కుర్చీలు వెతికింది. మాకున్నవి రెండే, తను బియ్యం బస్తా మీద కూర్చుంది. తన కంప్యూటర్‌లోనే సీడీ పెట్టాం.

మూడో పాట అయిపోయింది. ఆన్సరింగ్ మెషీన్ కూత వినిపించింది. ఇక తిట్లు మొదలయ్యాయి. బిస్కిట్ వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, తన తిట్లు తానే అక్షరం పొల్లుపోకుండా అంటోంది. మా అమ్మ క్వయర్‌లో పాడేటప్పుడు మొహం అలాగే ఉండేది. మధ్యలో రూమ్మేటు పాపం ఎంతో మర్యాదగా ఒక మాటకి అర్థం అడిగింది. ఆవిడ కళ్ళు తెరవకుండానే ఆపమని చెయ్యి చూపించి, తర్వాత టీచర్‌లా విడమరిచి చెప్పింది. అప్పుడు వచ్చింది ఆ నవ్వు. ఒక కుర్రాడు ఊపిరాడక, ఆగలేక, పక్కవాళ్ళ మీద పడి నవ్వుతున్నాడు. ఏ దిగులూ ఇంకా తెలియని నవ్వు.

"మళ్ళీ" అంది ఆవిడ.

మళ్ళీ వేశాను. మళ్ళీ అంది. ఎన్నిసార్లు వేశానో లెక్కపెట్టలేదు. చివరికి రూమ్మేటు కూడా తిట్లు కొన్ని కలిసి అంటోంది. గోడ గడియారం చూసి ఆవిడ, "వాడు ఫోన్ చేసే టైం" అంది. లేస్తుందనుకున్నాను. లేవలేదు. "మోగనీ. కాసేపు వాడూ కంగారుపడనీ" అని సీడీ వైపు చూసి, మళ్ళీ వెయ్యమన్నట్టు తలాడించింది. ఆ తర్వాత వారం నుంచి ఫ్రిజ్ మీద చీటీలు తగ్గాయి. రూమ్మేటు గిన్నెలు తోముతూ నాకు కొత్త మాటలు అప్పజెప్పేది.

మార్చిలో నాకు న్యూజెర్సీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఏప్రిల్ మొదటి ఆదివారం నా ఆఖరి షో. చెప్పాల్సిన వీడ్కోలు మాటలు నాలుగు రోజులు అద్దం ముందు సాధన చేశాను. ఆ పొద్దున సరిగ్గా ఏడింటికి, దువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని స్టూడియో తలుపు తీశాను. నా కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అకార్డియన్ మోగుతోంది. నా తర్వాతి గంట ఆయనది, పోల్కా అనే పాతకాలం డాన్సు పాటల కార్యక్రమం. ఆ దేశంలో వసంతం వచ్చిన ఒక తెల్లవారుజామున గడియారాలన్నీ గంట ముందుకు జరుపుతారని నాకు ఎవరో చెప్పే ఉంటారు, నేనే విని ఉండను. నా ఆఖరి షో నేను లేకుండానే అయిపోయింది.

"ఈ ఫోన్ నేను వచ్చినప్పటి నుంచీ వెలుగుతూనే ఉంది" అన్నాడాయన. "ఎత్తితే, ఆ పిల్ల ఏది, నువ్వెవరు అని ఒకావిడ నన్ను నిలదీసింది."

ఎత్తాను. "బతికే ఉన్నావా?" అంది బిస్కిట్ వాళ్ళమ్మ.

"గడియారం మార్చుకోలేదు ఆంటీ."

"న్యూజెర్సీలో మార్చుకో. కోటు బొత్తాలు పెట్టుకో. తిను." పోల్కా పాటలు పొట్టివి, పెద్ద మాటలేవీ పట్టవు. "మావాడికి చెప్పాను, ఆ సీడీ నా దగ్గరుందని. ఆ మాడిన గిన్నె ఏమైందని అడిగాడు. ఇంకా ఉందని చెప్పాను." అంతలో పాట అయిపోయింది. ఇద్దరం పెట్టేశాం.

ముసలాయన నా మొహం చూసి, లేచి కుర్చీ ఇచ్చాడు. "ఒక్క నిమిషం నీది" అన్నాడు. సాధన చేసినదంతా ఎగిరిపోయింది. నా పేరు డీజే సిటీ అని, వెళ్ళిపోతున్నానని, ఈ ఊళ్ళో ఇన్నాళ్ళూ ఉన్నందుకు సంతోషమని ఏదో అని మైకు వదిలేశాను. ఫోన్ వెలిగింది. ఒక లైటు కాదు, నాలుగు. మిగతా మూడూ చెడిపోయాయనే అన్నాళ్ళూ అనుకున్నాను. ఎవరమ్మా నువ్వు, ఏ దేశం, ఎందుకు వెళ్ళిపోతున్నావు, దారిలో తినడానికి ఏమైనా ఉందా అని ఊళ్ళోని ముసలాళ్ళందరూ వరసగా అడుగుతున్నారు. ఆయన అకార్డియన్ పాటలు వేస్తూనే ఉన్నాడు, నేను ఎత్తుతూనే ఉన్నాను.

బిస్కిట్ వాళ్ళమ్మకి ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆదివారాలు ఫోన్ చేశాను. మోకాళ్ళు మొరాయించాక ఆవిడ కొడుకు దగ్గరికి టెక్సాస్ వెళ్ళింది, సీడీ మాత్రం పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకుని. ఇప్పుడు నేను ఆ దేశంలోనే ఆష్‌బర్న్ అనే ఊళ్ళో, భర్తాపిల్లలతో ఉంటున్నాను. ఆదివారం మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె కోసం యుద్ధాలు జరుగుతాయి. ఆ గోలలో ఒక్కోసారి నేలమాళిగ గదిలో కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. ఊరు ఎనిమిదింటికి లేస్తుందని తెలియక, ఏడింటికే ఊరికి గుడ్ మార్నింగ్ చెప్పి, జవాబు రాలేదని నొచ్చుకున్న పిల్ల. పాపం, దుప్పటి కప్పుకుని ఇంకో గంట పడుకోమని చెప్పాలనిపిస్తుంది. వినదు.